సబ్‌స్టేషన్ ముందు పొద్దుటి చాయ

పోయిన ఎండాకాలం మా ఇటిక్యాల దిక్కు గాలివానలు ముందే వచ్చాయి. ఉగాది పచ్చడి రుచి నోట్లో ఉండగానే ఒక మధ్యాహ్నం ఎర్రటి దుమ్ము లేచింది. దాని వెనకే వడగండ్లు పడ్డాయి. మా ఆయన రాఘవేందర్ లైన్‌మన్. గాలి లేచిందంటే మా ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉంటుంది. తినే మనిషి ఏ పొలం గట్టు మీదో, ఏ స్తంభం మీదో ఉంటాడు.

ఆ రోజు పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు. నీళ్ల చెంబు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా నీళ్లు చొక్కా మీద ఒలికాయి.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలె."

"గట్లున్నవేంది మరి?"

"ఏం లేదంటి గద. కటింగ్ ప్లేరు పోయింది. గంతే."

నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఆయన నడుముకు వేలాడుతున్న, తీగలు కత్తిరించే కటింగ్ ప్లేరు అది. ఎక్కడ పోయిందని అడిగాను. ఆయన లేచి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాకు సబ్‌స్టేషన్ గేటు ముందే చిన్న హోటల్ ఉంది. రేకుల షెడ్డు, రెండు బల్లలు. పొద్దున ఉగ్గాని, మిర్చి బజ్జీ, ఆ తర్వాత రోజంతా చాయ. సబ్‌స్టేషన్‌లో పనిచేసే వాళ్లంతా నా దగ్గరే తింటారు. కాబట్టి ఆ లోపల ఎవరికి ఎవరంటే పడదో, ఎవరు ఎవరికి ఏం చెప్పరో నాకు బాగా తెలుసు. నిజానికి అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. దానికి ఒక కారణం ఉంది.

కురుమూర్తన్న అని లైన్ ఇన్‌స్పెక్టర్, అందరిలోకీ పెద్దవాడు. అంతకుముందు ఏడాది ఒకసారి ఒక ఊరి స్విచ్ తీయబోయి పక్క ఊరి స్విచ్ తీశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దాచిపెడితే బయటపడేది కూడా కాదు. కానీ ఆయనే పోయి అప్పటి సారుకు చెప్పాడు. రెండు స్విచ్‌లూ ఒకే తీరుగున్నాయి సార్, రంగులు వేయిద్దాం, రేపు ఎవరైనా పొరపాటు పడతారు అని. రంగు పడలేదు గానీ మెమో పడింది. తర్వాత సస్పెన్షన్. మళ్లీ డ్యూటీలోకి తీసుకునేదాకా కురుమూర్తన్న నా హోటల్ ముందు నుంచి తలకు తువ్వాల కప్పుకుని పోయేవాడు. పిలిచినా ఆగేవాడు కాదు.

అది చూశాక మిగతావాళ్లు నోరు కట్టేసుకున్నారు. ఏ స్తంభం అడుగున తుప్పు పట్టిందో, ఏ మలుపు దగ్గర తీగ చెట్టుకు తగులుతుందో తెలిసినవాడు పక్కవాడికి కూడా చెప్పడు. చెబితే, తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదని మెడకు చుట్టుకుంటుందని భయం. మా ఆయన కూడా వాళ్లలో ఒకడు. ఆ అలవాటు సబ్‌స్టేషన్ గేటు దగ్గరే ఆగిపోతుందా? ఇంట్లో కూడా ఆయన మాటలు తగ్గిపోయాయి.

ఆ వడగండ్ల వాన తర్వాత కొన్నాళ్లకు వీళ్లందరి పైన కొత్త ఇంజనీరు, ఏఈ, వచ్చింది. ఫర్హీన్ మేడం. వనపర్తి అమ్మాయి. వచ్చిన మరుసటి పొద్దున్నే నా షెడ్డులోకి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"అక్కా, రోజూ డ్యూటీ మొదలుగాక ముందు అందరికి చాయ ఈడనే. నన్ను కలుపుకొని."

అందరూ వచ్చి ఎడమెడంగా కూర్చున్నారు. కురుమూర్తన్న, మా ఆయన, సబ్‌స్టేషన్‌లో స్విచ్‌ల దగ్గరుండే ఆపరేటర్ పర్వేజ్, పెళ్లి ఈడుకొచ్చిన జూనియర్ లైన్‌మన్ డేవిడ్. మేడం చాయ ఒక గుక్క తాగి అడిగింది.

"నిన్న మీకు ఏమన్న కాబోయి తప్పిందా? చిన్నదైనా సరే, చెప్పున్రి."

ఒక్కరూ తల ఎత్తలేదు.

"సరే, నాది చెప్త," అంది. "నాగర్‌కర్నూల్ దిక్కు కొత్తగ ఉద్యోగంల చేరినప్పుడు, ఫోన్ల ఒక ఊరి పేరు చెప్తే అసొంటిదే ఇంకో ఊరి పేరనుకున్న. ఆ ఊరికి కరెంటు బందు పెట్టించి, ఎక్కున్రి అని చెప్పిన. అసలు పని చేసే ఊర్ల కరెంటు అట్లనే ఉంది. మనిషి ఇంకా కింద నిలబడి బెల్టు కట్టుకుంటుండు. అందుకే బతికిండు. నా తెలివితోని కాదు."

కురుమూర్తన్న గ్లాసు కింద పెట్టాడు.

"మంచిగుంది మేడం. మీరు చెప్తే ముచ్చట. మేం చెప్తే మెమో."

 ఈమె ఏమంటుందో అని మూకుడులోని బజ్జీలు కూడా మరిచిపోయాను. మేడం కోపానికి రాలేదు, నవ్వలేదు కూడా.

"నిజమే అన్నా. వచ్చి రెండు రోజులు గాలె, నన్ను నమ్మున్రి అని ఏ మొఖంతోని అడుగుత?" అని లేచిపోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, పసుపు రంగు డబ్బా ఒకటి, నీలం రంగు డబ్బా ఒకటి తెప్పించింది. కురుమూర్తన్నను పిలిచి, ఏ స్విచ్‌కు ఏ రంగో ఆయన్నే చెప్పమంది. ఆయన చెబుతుంటే డేవిడ్ బ్రష్ పట్టి వేశాడు.  ఆ రోజు చాయకు వచ్చి కురుమూర్తన్న ఉగ్గాని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఇంట్లో మాత్రం మా ఆయన పరిస్థితి రోజురోజుకూ దిగజారింది. స్తంభం ఎక్కే పని వస్తే డేవిడ్‌ను ఎక్కించి తను కింద ఉంటున్నాడని విన్నాను. మోకాలు నొప్పి అంటున్నాడట. మా ఇంట్లో ఎన్నడూ మోకాలు మాట రాలేదు. ఒక ఆదివారం మా బిడ్డ పూజ, వంటింట్లో బల్బు పోయింది, మార్చు నాయినా అంది. ఆయన కుర్చీ వేసుకుని ఎక్కాడు. బల్బు దాకా చేయి ఎత్తాడు. ఆ చేయి అక్కడే నిలిచిపోయింది. 

"మెయిన్ బందు పెట్టినవా?" అని పూజ మీద అరిచాడు.

"పెట్టిన నాయినా."

"పెట్టినవా, పెట్టలేదా?"

పిల్ల బిక్కమొహం వేసుకుని నా వెనక్కి వచ్చింది. ఆయన కుర్చీ దిగి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. బల్బు నేనే మార్చాను.  ఆయనకు ఏదో అయింది. ఏం అయిందో అడగడానికి నాకు దారి దొరకలేదు.

ఇంతలో పర్వేజ్ సంగతి జరిగింది. ఎండలు మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం డేవిడ్ వాళ్లు ఒక లైను మీద పనిచేస్తున్నారు. వాళ్లు పని ముగించి, అందరం దిగినం అని ఫోన్ చేస్తేనే పర్వేజ్ ఆ లైనుకు కరెంటు వదలాలి. ఫోన్ వచ్చింది, "అయిపోయిందన్నా" అని వినపడింది. పర్వేజ్ కరెంటు వదిలాడు. నిజానికి డేవిడ్ చెప్పింది ఒక స్తంభం పని అయిపోయిందని. ఇంకా రెండోది ఎక్కాల్సి ఉంది. అదృష్టం, అప్పుడు వాళ్లు చెట్టు నీడన సద్ది తింటున్నారు. తిన్నాక మళ్లీ ఎక్కుతామని ఫోన్ చేస్తే గానీ పర్వేజ్‌కు సంగతి తెలియలేదు.

పర్వేజ్ స్విచ్‌ల గది నుంచి గేటు దాకా వచ్చి, తిరిగి లోపల మేడం గదికి పోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమైంది భాయ్?" అంటే, "నౌకరి పోయింది భాభీ" అన్నాడు. కురుమూర్తన్న, మా ఆయన గేటు దగ్గర నిలబడిపోయారు. ఇప్పుడు తెలుస్తది ఈమె సంగతి, అన్నట్టు చూస్తున్నారు. కాసేపటికి లోపలికి చాయ తెమ్మని కబురొచ్చింది.

నేను పోయేసరికి పర్వేజ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేడం అడుగుతోంది. "నీకు ఫోన్ల ఏం వినపడ్డది? ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు." అతను చెప్పాడు. ఆమె డేవిడ్‌కు ఫోన్ చేసి, నువ్వు అన్న మాట ఏంది అని అడిగింది. ఇద్దరూ చెప్పింది ఒక్కటే మాట. ఆమె తల ఊపింది. "ఆ మాటే బాగలేదు. అయిపోయింది అంటే అన్నం తినుడు అయిపోయిందా, పని అయిపోయిందా? రేపటి సంది ఆ మాట వద్దు. పేరు చెప్పాలె, లైను పేరు చెప్పాలె, అందరం దిగినం అనాలె. నువ్వు ఆ మాటలన్ని మల్ల చెప్పి, అవునంటేనే వదులు."

అప్పుడే గద్వాల నుంచి పెద్ద సారు ఫోన్. సంగతి ఎట్లా పోయిందో అక్కడికి పోయింది. ఆయన గొంతు నా వరకు వినిపిస్తోంది, ఎవడు వాడు, పేరు చెప్పు అని.

"పేరు నాదే రాసుకోండి సార్," అంది మేడం. "ఫోన్‌ల ఎట్ల మాట్లాడాలో నేను నేర్పలె. పర్వేజ్ తనంతల తనే వచ్చి చెప్పిండు. చెప్పినోనికి శిక్ష వేస్తే, రేపు చెప్పకుండ ఒకడు చచ్చిపోతడు."

పర్వేజ్ చాయ గ్లాసు పట్టుకుని అట్లాగే ఉన్నాడు. నేను బయటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరికీ విన్నది విన్నట్టు చెప్పాను. కురుమూర్తన్న "ఔనా?" అన్నాడు. మా ఆయన గేటు పట్టుకుని మేడం గది వైపే చూశాడు.

మరుసటి పొద్దున చాయ దగ్గర సందడిగా ఉంది. పర్వేజ్‌కు మెమో రాలేదు. "అయిపోయిందా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. నేను కెటిల్‌తో రెండో విడత చాయ పోస్తున్నాను. మా ఆయన గ్లాసులోకి చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"నాకు గూడ అయింది."

మా ఆయన గ్లాసు పక్కకు జరిపాడు.

"వడగండ్లు పడ్డ నాడు. రైసు మిల్లు కాడ. పర్వేజ్ కరెంటు బందు పెట్టిండు, అతని తప్పు లేదు. నేను పైకెక్కిన. తడి చేతులకెళ్లి కటింగ్ ప్లేరు జారి, తీగకు, స్తంభం మీది ఇనుప పట్టెకు నడుమ పడ్డది. బాంబు లెక్క పేలింది. నా చెయ్యి ఆ తీగ మీదికే పోతుండె."

"బందు పెట్టిన లైన్ల కరెంటు ఏడికెళ్లి వచ్చిందన్నా?" అని డేవిడ్ అడిగాడు.

"మిల్లోళ్లు కరెంటు పోంగనే జనరేటర్ పెట్టుకున్నరు. అది మిల్లు కాడ ఆగక ఎనక్కి మన తీగలకే వచ్చింది. తెల్లారి పోయి చూసొచ్చిన. ఎవలకు చెప్పలె."

నా చేతిలో కెటిల్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. పొయ్యి వెనక్కి పోయి ఉల్లిగడ్డల సంచి మీద కూర్చున్నాను. ఇన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి వీపు నా కళ్ల ముందుకొచ్చింది.

పనిచేసే చోటికి రెండు వైపులా, తీగలను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలిస్తే, ఎక్కడి నుంచి దొంగ కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. అది వాళ్లందరికీ తెలుసు. రాడ్లు ఎందుకు వేయలేదని మేడం అడుగుతుందనుకున్నాను. ఆమె వేరే తీరుగా అడిగింది.

"అప్పుడు రాడ్లు ఎక్కడున్నయి అన్నా?"

"ఒక్కటే జత మేడం. ఇంకో దిక్కు పనికి తీస్కపోయిండ్రు. ఈడ ఊరోళ్లు, వరి ఎండుతుంది, మోటర్లకు కరెంటు ఇయ్యి అని మీద పడ్డరు. ఎక్కిన."

ఆమె రాడ్ల లెక్క ఒక కాగితం మీద రాసుకుంది. తర్వాత, "మంచిగ చెప్పినవన్నా" అంది. ఆ పొద్దునే అందరూ కలిసి మిల్లుకు పోయారు. జనరేటర్ నడిచేటప్పుడు దాని కరెంటు బయటి తీగలకు పోకుండా ఆపే స్విచ్ అక్కడ లేదు. అది పెట్టేదాకా మేడం అక్కడి నుంచి కదలలేదట. గద్వాల పోయి కొట్లాడి ఇంకో రెండు జతల రాడ్లు తెచ్చింది.

అప్పటి నుంచి పొద్దుటి చాయ పొడుగైంది. మూతలు తీసినట్టు ఒక్కొక్కరి నుంచి సంగతులు బయటికొచ్చాయి. ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఉంది, పెట్రోల్ బంకులో ఉంది, వాటి స్విచ్‌లు చూడాలి అని ఒకరు. కాలువ పక్క స్తంభం ఊగుతోంది, ఎక్కవద్దు అని ఒకరు. కురుమూర్తన్న అయితే తన సర్వీసంతా చెప్పుకొచ్చాడు. "రాడ్డు ఒకదిక్కే ఏసి ఎక్కుడు సగం తలుపు ఏసుకున్నట్టు. కరెంటు ఏ దిక్కుకెళ్లి వస్తదో దానికే తెల్వదు," అని డేవిడ్‌కు చేతులు పట్టి చూపించేవాడు. మేడం తనకు తెలియనిది దాచకుండా అడిగేది. తనకు తెలిసింది, తీగలో కరెంటు వెనక్కి ఎట్లా వస్తుందో, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఎట్లా పెంచుతుందో నా బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పేది. బల్ల తుడవబుద్ధి అయ్యేది కాదు నాకు.

మా ఆయన మళ్లీ స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటిసారి కురుమూర్తన్న కింద నిలబడి, ఆయన దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడట.

రోహిణి కార్తె ముందు పెద్ద గాలి వచ్చింది. అట్లాంటి గాలి నేను చూడలేదు. నా షెడ్డు రేకులు ఎగిరి రోడ్డవతల పడ్డాయి. స్తంభాలు పల్లీ చెట్లు పీకినట్టు మొదళ్లతో సహా లేచొచ్చాయి. తెల్లారగానే అందరూ తలా ఒక దిక్కు పోయారు. మా ఆయన, డేవిడ్ కోళ్లఫారం లైను మీదికి పోయారు. నేను రేకులు లేని షెడ్డులోనే పొయ్యి ముట్టించి, పర్వేజ్‌కు, మేడంకు చాయ తీసుకుని లోపలికి పోయాను. పర్వేజ్ ఫోన్ మోగింది. స్పీకర్ మీద పెట్టాడు.

మా ఆయన గొంతు. "పర్వేజ్, రాఘవేందర్‌ను మాట్లాడుతున్న. కోళ్లఫారం లైను. ఎవలం ఇంకా ఎక్కలె. అందరం కింద్నే ఉన్నం. రాడ్లు తగిలియ్యంగనే నిప్పులు లేసినయ్. ఏడికెళ్లో కరెంటు వస్తుంది."

పర్వేజ్ ఒక్కో మాటా తిరిగి చెప్పాడు. ఒక్క మాట విడవలేదు. మేడం అప్పటికే వేరే ఫోన్ తీసి మిగతా వాళ్లందరికీ చెబుతోంది. "కోళ్లఫారాలు ఉన్న కాడ జర భద్రం, రాడ్లు రెండు దిక్కుల ఏసినంకనే ఎక్కున్రి." నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవలం ఇంకా ఎక్కలె, అందరం కింద్నే ఉన్నం. ఆ రెండు మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. 

ఎండలకు కోళ్లు చస్తున్నాయని ఆ ఫారం ఆయన అంతకుముందే కొత్త జనరేటర్ కొన్నాడట. మా వాళ్లెవరికీ తెలియదు. రెండో రాడ్డు ఎందుకన్నా, లైను ఫారం దగ్గరే ఖతం గద అని డేవిడ్ ఎక్కబోయాడట. మా ఆయన చేయి పట్టి ఆపాడు. ఫారం వైపు రాడ్డు తగిలించగానే చిటపటమని మెరుపు లేచింది. అంతదూరాన జనరేటర్ గుర్రుమని ఆగిపోయింది. డేవిడ్ అక్కడే నేల మీద కూలబడి, చాలాసేపు గడ్డి పీకుతూ కూర్చున్నాడట.

ఇవన్నీ నాకు ఆయనే చెప్పాడు. ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, జొన్నరొట్టె తుంచుకుంటూ చెప్పాడు. తిన్నాక చెప్పాడు. పూజ పడక వేసుకుని ఊ కొడుతుంటే దానికీ చెప్పాడు. ఇన్ని మాటలు ఒక్కసారిగా మీద పడితే ఏం చేయాలో నాకు తెలియక, మధ్యలో లేచి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. నీళ్ల చప్పుడు ఉంటే నేను ఏడ్చేది వినపడదని.

రెండు రోజులకు ఒకామె నా హోటల్ ముందు బస్సు దిగింది. తెల్లచీర, చేతిలో సంచి. డేవిడ్ వాళ్లమ్మ దేవమ్మ. కొడుకు ఫోన్లో సంగతి చెప్పాడట, ఉండబట్టలేక వచ్చింది. పొద్దుటి చాయకు అందరూ అక్కడే ఉన్నారు. ఆమె నేరుగా మా ఆయన దగ్గరికి పోయి చేతులు పట్టుకుంది.

"అయ్యా, నా కొడుకును నువ్వే బతికిచ్చినవంట."

ఆయన సిగ్గుపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నేను కాదమ్మా. రెండు దిక్కుల రాడ్డు ఎయ్యాలని కురుమూర్తన్న రోజు చెప్తడు."

ఆమె కురుమూర్తన్న వైపు తిరిగింది. "నాదేముందమ్మా," అన్నాడాయన. "జనరేటర్ల సంగతి రాఘవేందర్ చెప్పకపోతే మాకెవలకు యాది రాకపోవు. అతనికి నోరొచ్చింది గూడ పర్వేజ్‌ను చూసే."

పర్వేజ్ తల అడ్డంగా ఊపి మేడంను చూపించాడు. మేడం చేతులు ఎత్తేసింది. "నేను చాయ తాగుడు తప్ప ఏం చెయ్యలేదమ్మా. అడుగున్రి, ఈ అక్కనే పోసింది."

దేవమ్మ నా వైపు చూసింది, మళ్లీ వాళ్ల వైపు చూసింది. సంచి బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎవలికి దండం పెట్టాల్నో తొందరగ చెప్పున్రి నాయినా. నాకు బస్సుకు టైం అయితుంది."

 అందరికంటే ముందు డేవిడే నవ్వాడు. తర్వాత ఎవరు ఎవరి కంటే గట్టిగా నవ్వారో చెప్పలేను. ఆ బస్సు పోయింది. దేవమ్మను మధ్యాహ్నం బస్సుకు ఎక్కించాం.